సూది దిగేటప్పుడు స్క్రీన్ మీద కనబడాలి

ఎడిటర్ గారికి,

నేను పిల్లల ఐసీయూలో చాలా ఏళ్లుగా నర్సుగా చేస్తున్నాను. సెంట్రల్ లైన్ గురించి రాయాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నాను. దాని కాగితం మీద సంతకం పెట్టే తల్లిదండ్రుల్లో చాలామందికి అదేంటో తెలియదు, ఆ టెన్షన్‌లో అడగడానికి నోరూ రాదు.

ఇది చేతికి పెట్టే మామూలు సెలైన్ సూది కాదు. మెడలోనో, కాలర్ ఎముక కిందో, గజ్జల్లోనో ఉండే పెద్ద సిరలోకి సూది దింపి, అందులోంచి సన్నటి వైరు పంపి, ఆ వైరు మీదుగా గొట్టం ఎక్కిస్తారు. వైరు మీదుగా గొట్టం పంపే ఈ పద్ధతిని స్వీడన్ డాక్టర్ సెల్డింగర్ 1953లో ప్రకటించారు. బీపీ పడిపోయిన బిడ్డకి నార్అడ్రినలిన్ లాంటి మందు గంటల తరబడి ఎక్కించాలి, అది చిన్న సిరలోంచి బయటికి కారితే చర్మం, కండ దెబ్బతింటాయి, అందుకే పెద్ద సిర కావాల్సి వస్తుంది.

పాత పద్ధతిలో మెడలో నాడిని వేలితో తడిమి చూసి, దాని పక్కన అంచనాగా గుచ్చేవాళ్లు. నెలల బిడ్డ మెడలో ఆ సిర వెడల్పు కొన్ని మిల్లీమీటర్లే. దాన్ని ఆనుకునే మెదడుకి రక్తం తీసుకెళ్లే ధమని ఉంటుంది, కాస్త కిందికి పోతే ఊపిరితిత్తి అంచు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరంతా పోయిన బిడ్డకైతే ఆ సిర ఊపిరి పీల్చినప్పుడల్లా నలిగిపోయినట్టు ముడుచుకుపోతుంది. పైగా అందరు పిల్లల్లోనూ అది ఒకే చోట ఉండదు.

ఇంతకుముందు పనిచేసిన ఒక చోట, ఒక పసిబిడ్డ తల కదలకుండా పట్టుకుని నేను నిలబడ్డాను. మొదటి సూది ధమనికి తగిలింది, మెడ లోపల రక్తం గడ్డకట్టి వాచింది, ఆ వాపు సిరని నొక్కేసింది, ఆ తర్వాత గుచ్చిన ప్రతి సూదికీ పని ఇంకా కష్టమైంది. చివరికి గజ్జల్లో వేశారు. ఆ డాక్టరుకి చేతకాదని నేను అనను, కళ్లకు గంతలు కట్టి చేయమన్నట్టే కదా అది.

అల్ట్రాసౌండ్ పెడితే రెండు నల్లటి గుండ్రాలు కనిపిస్తాయి. ఒంటికి ఆనించే ప్రోబ్‌తో కొంచెం నొక్కితే సిర అణిగిపోతుంది, ధమని మాత్రం గుండ్రంగానే ఉండి కొట్టుకుంటూ ఉంటుంది. మెడ సిరలో లైన్ వేయడానికి పెద్దలకైనా పిల్లలకైనా ఇదే మేలని వైద్య మార్గదర్శకాలు ఇచ్చే బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2002లోనే చెప్పింది. అయినా కొన్నిచోట్ల ముందు ఒకసారి మెషిన్‌తో చూసి, పెన్నుతో గుర్తు పెట్టి, ప్రోబ్ పక్కన పెట్టేసి గుచ్చుతారు. బిడ్డ తల కాస్త తిరిగినా ఆ గుర్తు కింద సిర ఉండదు, చర్మం జరుగుతుంది, లోపల సిరా ధమనీ ఒకదాని మీదికి ఒకటి వస్తాయి. సూది దిగుతున్నంతసేపూ దాని మొన స్క్రీన్ మీద కనబడాలి, నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇదే.

మెషిన్ ఉంటే చాలు అని కూడా కాదు. స్క్రీన్ మీద మెరిసే చుక్క సూది మొనో, మధ్య భాగమో అలవాటు లేని కంటికి తెలియదు, మొన అప్పటికే సిర వెనక గోడ దాటిపోయి ఉండొచ్చు. అందుకే కొత్తవాళ్లు ముందు జెల్ దిమ్మె మీద చేయి తిప్పుకోవాలి, గొట్టం పట్టేలా సూది దారి వెడల్పు చేసే ముందు వైరు సిరలోనే ఉందా అని మళ్లీ ప్రోబ్ పెట్టి చూసుకోవాలి. ప్రోబ్‌కి స్టెరైల్ కవర్ తొడగకుండా ఆ మెడ దగ్గరికి తేకూడదు, ఆ నిమిషం ఆదా చేస్తే రక్తంలో ఇన్ఫెక్షన్ రావచ్చు. ఇక ప్రాణం మీదికి వచ్చి, ఒక్క సిర కూడా దొరకనప్పుడు మెషిన్ కోసం ఆగక్కర్లేదు, కాలి ఎముకలోకి సూది వేసి మందు మొదలుపెట్టాలి, లైన్ తర్వాత నిదానంగా వేసుకోవచ్చు.

తల్లిదండ్రులూ, సంతకం పెట్టే ముందు “స్కానింగ్‌లో చూస్తూనే వేస్తారా?” అని ఒక్క మాట అడగండి, మంచి డాక్టరెవరూ దానికి కోపం తెచ్చుకోరు. ఆస్పత్రులు నడిపేవాళ్లను కూడా ఒకటి అడుగుతున్నాను. చిన్న ప్రోబ్ ఉన్న మెషిన్‌ను పిల్లల ఐసీయూలోనే ఉంచండి. లైన్ అవసరం ఎక్కువగా అర్ధరాత్రే పడుతుంది, ఆ టైంలో మెషిన్ వేరే అంతస్తులో తాళం వేసిన గదిలో ఉంటే మేం మళ్లీ వేలితో తడుముకుంటూనే గుచ్చాల్సి వస్తోంది.

— పిల్లల ఐసీయూ నర్సు