జమ్మలమడుగు దారిలో పంచర్ వేసిన పెద్దాయనకు

గండికోట చూసుకుని సైకిల్ మీద ప్రొద్దుటూరుకు తిరిగొస్తున్నా. జమ్మలమడుగు ఇంకా రాకముందే వెనక చక్రంలో కంపముల్లు దిగింది. సాయంత్రం ఆరు కాకముందే పొద్దు వాలిపోయే చలికాలం. రోడ్డుకు రెండు పక్కలా నల్లరేగడి, పప్పుశనగ చేలు.

"ఏమబ్బీ, పంచరా?" అంటూ చేలోంచి వచ్చినారు మీరు. మోపెడ్ సంచిలోంచి అతుకులు, సొల్యూషన్ తీసినారు. బకెట్ నీళ్లలో ట్యూబు ముంచి బుడగలు చూసినారు. అంతటితో ఆగలేదు. టైరు లోపలంతా వేలితో తడిమి, విరిగి ఇరుక్కున్న ఇంకో ముల్లుమొన పీకినారు. అంత ఓపిగ్గా వెతికేవాళ్లు అరుదు. అది మిగిలుంటే కాస్త దూరం పోకముందే మళ్లీ గాలి దిగేది.

సొల్యూషన్ ఆరేలోగా పైరు సంగతి చెప్పినారు. అక్టోబరు, నవంబరులో విత్తితే, భూమిలో దాగిన తేమతోనే చాలావరకు గట్టెక్కుతుందట. ఆకు కొరికి చూడమన్నారు. ఎంత పులుపో! ఆకుల మీద ఊరే మాలిక్ ఆమ్లానిది ఆ రుచి.

డబ్బు ముట్టలేదు. పేరడిగితే "పేరుతో ఏం పని, చీకటి పడతాది, పో నాయనా" అన్నారు. అలా అన్నా కూడా, ఊరి దీపాలు కనబడేదాకా మోపెడ్ లైటు వేసుకుని నా వెనకే వచ్చినారు. పెద్దాయనా, మీకు నా నమస్కారాలు. వాళ్లింటివాళ్లెవరైనా ఇది చూస్తే, దయచేసి ఆయనకు చదివి వినిపించండి.