విషయం: కొత్త టైర్లు వేసిన రోజు నుంచి కారు కుడికి లాగడం, వారంటీ క్లెయిమ్ తిరస్కరణపై ఫిర్యాదు

గుంటూరు,
నవంబరు 3, 2025

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి నమస్కారం.

ఆగస్టు 23న గుంటూరులోని మీ ఆథరైజ్డ్ డీలర్ దగ్గర మా కారుకి నాలుగు కొత్త టైర్లు వేయించాను. సైజు 185/65 ఆర్15. టైర్లకు 23,600 రూపాయలు కట్టాను, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ అందులోనే. ఆ సాయంత్రం ఊరు దాటి పొన్నూరు రోడ్డు ఎక్కగానే కారు కుడికి లాగడం మొదలైంది. అదే రోజు పొద్దున ఇదే కారు, ఇదే రోడ్డు మీద, 47 వేల కిలోమీటర్లు తిరిగిన పాత టైర్లతో దారం పట్టినట్టు తిన్నగా వెళ్లింది. మధ్యలో మారింది టైర్లు మాత్రమే.

నేను ఉద్యోగానికి రోజూ గుంటూరు నుంచి బాపట్ల వెళ్లి వస్తాను. రానూపోనూ వంద కిలోమీటర్లు. చేబ్రోలు దాటాక రోడ్డుకి మధ్యలో డివైడర్ లేదు, తెల్ల గీత ఒక్కటే. ఎదురుగా ధాన్యం ట్రాక్టర్లు, లారీలు, ఆర్టీసీ బస్సులు వస్తుంటాయి. రోడ్డు ఖాళీగా ఉన్న ఒక చోట, 60 స్పీడులో స్టీరింగ్ మీద పట్టు వదిలి, అరచేతులు అంగుళం దూరంలో ఉంచి చూశాను. నాలుగు లెక్కపెట్టేలోపు కుడి ముందు చక్రం తెల్ల గీత ఎక్కేసింది. అంటే ప్రయాణం పొడుగునా స్టీరింగ్‌ని ఎడమకి పట్టి ఉంచితేనే కారు నా దారిలో ఉంటుంది. వారం తిరిగేసరికి భుజం నొప్పి మొదలైంది. నొప్పి సంగతి ఎలా ఉన్నా, ఒక్క క్షణం చెయ్యి సడలితే కారు పోయేది ఎదురొచ్చే లారీ మీదికి. ఆ టెన్షన్‌తో నెలన్నర కారు నడిపాను.

మొదటిసారి డీలర్ దగ్గరికి వెళ్తే, "రోడ్డు స్లోప్ అండీ మేడమ్, కొత్త టైర్లకి చెయ్యి అలవాటు కావాలి" అన్నారు. నేను కారు నడపడం మొదలుపెట్టి పదకొండేళ్లయింది. వాన నీరు పోవడానికి రోడ్డుని మధ్యలో ఎత్తుగా, అంచులకి వాలుగా వేస్తారు. మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి ఆ వాలు వల్ల కారు ఏమైనా జరిగితే ఎడమకే జరగాలి. నాది కుడికి, వాలుకి ఎదురెక్కి లాగుతోంది. ఈ మాట కౌంటర్ దగ్గర నిలబడి రెండుసార్లు చెప్పాను. ఎవరూ పట్టించుకోలేదు.

రెండోసారి మళ్లీ అలైన్‌మెంట్ చేసి 450 రూపాయలు తీసుకున్నారు. ప్రింటవుట్‌లో అంకెలన్నీ పచ్చగానే ఉన్నాయి, బండి మాత్రం అలాగే లాగింది. మూడోసారి, సస్పెన్షన్ పోయిందని, రెండు లోయర్ ఆర్మ్‌లు మార్చాలని చెప్పారు. వాళ్లు చెప్పిన గ్యారేజీలోనే 5,200 పెట్టి మార్పించాను. తేడా లేదు. ఆ పైన వేరే చోట 600 ఇచ్చి మరోసారి అలైన్‌మెంట్ చూపించుకున్నాను. అక్కడా అంకెలు సరిగ్గానే ఉన్నాయని తేలింది. ఇంత జరిగినా మీ డీలర్ దగ్గర ఒక్కరు కూడా టైర్‌ని అనుమానించలేదు. కారుని తప్పుపట్టడం తేలికైపోయింది, ఖర్చంతా నాది.

అక్టోబరు 5, ఆదివారం. మా వీధి చివర షెడ్డులో ఒక పెద్దాయన ఉంటారు, అంబాసిడర్ల కాలం నుంచి మెకానిక్. ఆయన చేసింది ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మీ ఇంజనీర్లు చదవాలి.

ముందు బండి చల్లగా ఉండగా నాలుగు టైర్లలో గాలి చూసి, అన్నిట్లో 33 పెట్టారు. పక్కన కూర్చుని నాలుగు కిలోమీటర్లు తిప్పించారు. ఆపగానే దిగి, ఒక్కో చక్రం దగ్గర చెయ్యి పెట్టి వేడి చూశారు. బ్రేక్ ఎక్కడైనా పట్టేసి ఉంటే ఆ చక్రం మిగతా వాటికన్నా ఎక్కువ కాలుతుందట, ఆ వైపుకే బండి లాగుతుందట. నాలుగూ ఒకేలా ఉన్నాయి. అప్పుడు జాకీ ఎక్కించి, సుద్దముక్కతో ముందు కుడి టైర్ మీద "కు" అని, ముందు ఎడమ టైర్ మీద "ఎ" అని రాసి, రెండిటినీ అటుదిటు మార్చి బిగించారు. ఈ మోడల్ టైర్లకి తిరిగే దిక్కు చూపే బాణం లేదు, లోపలి వైపు బయటి వైపు అనే తేడా కూడా లేదు కాబట్టి మార్చడానికి అడ్డంకి లేదు. పావుగంట పని.

మళ్లీ రోడ్డెక్కాం. కారు ఎడమకి లాగింది.

నెలన్నర కుడికి లాగిన కారు, చక్రాలు మార్చగానే ఎడమకి తిరిగింది. లోపం సస్పెన్షన్‌లో ఉంటే టైర్లు ఎటు మార్చినా కుడికే లాగాలి కదా. ఆ తర్వాత ఆయన "కు" అని రాసిన టైర్‌ని ఎడమ వెనక్కి వేసి, అక్కడున్న దాన్ని ముందుకు తెచ్చారు. అంతే, కారు తిన్నగా పోయింది. తప్పు ఏ టైర్‌దో కూడా తేలిపోయింది. నేను డబ్బు ఇవ్వబోతే, "చక్రాలు అటూ ఇటూ వేసినందుకు ఏం తీసుకుంటానమ్మా" అన్నారు ఆయన.

దీన్ని కోనిసిటీ అంటారని తర్వాత తెలుసుకున్నాను. రేడియల్ టైర్ లోపలి ఉక్కు బెల్టు సరిగ్గా మధ్యలో కూర్చోకుండా కాస్త పక్కకి జరిగితే, పైకి గుండ్రంగానే కనబడే టైర్ దొర్లేటప్పుడు శంకువులా ప్రవర్తించి ఒక పక్కకి పోతుంది. నేల మీద గ్లాసుని పడుకోబెట్టి తోస్తే వంపు తిరిగి పోతుంది చూడండి, అలా. అలైన్‌మెంట్ మెషిన్‌కి ఇది కనబడదు, అది చక్రం కోణాన్ని కొలుస్తుంది కానీ టైర్ కడుపులో ఏముందో కొలవదు. బ్యాలెన్సింగ్‌లోనూ దొరకదు, అది బరువు తేడాని చూస్తుంది.

అక్టోబరు 8న వీడియోతో సహా వారంటీ క్లెయిమ్ పెట్టాను. 17న మీ ఇన్‌స్పెక్టర్ వచ్చారు. టైర్ మీది గాడుల లోతు కొలిచారు, పక్క గోడల మీద చెయ్యి పెట్టి తడిమారు, ఫొటోలు తీశారు. ఉబ్బు లేదు, కోత లేదు, అరుగుదల సమానంగా ఉంది, తయారీ లోపం లేదు అని రాసి వెళ్లిపోయారు. కారులో కూర్చుని ఒక్క కిలోమీటరు రమ్మని బతిమాలాను. అది తమ పద్ధతిలో లేదన్నారు. లోపం బయటపడేది టైర్ బరువు మోస్తూ తిరిగేటప్పుడు. ఆగి ఉన్న టైర్‌ని తడిమి లోపం లేదని ఎలా రాస్తారు? టైర్ తిరుగుతూ పక్కకి ఎంత బలంగా తోస్తుందో కొలిచే యంత్రాలు టైర్ల ఫ్యాక్టరీలలో ఉంటాయి. నా టైర్‌ని అలాంటి దాని మీద పెట్టి, వచ్చిన అంకె నాకు చూపించండి.

ఇంకొక సంగతి. టైర్ అంచు మీది చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం అని మీకు తెలుసు. మూడింటి మీద 1125 ఉంది. ఈ ఒక్కదాని మీద 4624. తేదీ పాతదైనంత మాత్రాన లోపం ఉన్నట్టేనని నేను అనడం లేదు. కానీ నాలుగు టైర్లూ ఒకే లాట్ అని చెప్పి అమ్మారు, అది నిజం కాదు.

"వెనక్కి వేశాక సరిపోయిందిగా" అని డీలర్ అంటున్నారు. సరిపోలేదండీ. టైర్లు సమానంగా అరగాలంటే కొన్ని వేల కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చమని చెప్పేది మీ డీలర్లే. ఈ టైర్‌ని నేను ఎప్పటికీ ముందుకి తేలేను. రేపు ఎక్కడో పంక్చర్ షాపులో తెలియక ముందు వేస్తే, మళ్లీ అదే తెల్ల గీత దగ్గరికి పోతాను.

ఆ టైర్ తీసుకుని, మిగతా మూడింటికి సరిపడే కొత్త టైర్ ఇవ్వండి. మీ డీలర్ మాట విని అనవసరంగా పెట్టిన 450, 5,200, ఆపైన 600, మొత్తం 6,250 రూపాయలు వెనక్కి ఇవ్వండి. అన్నిటికన్నా ముఖ్యంగా, బండి లాగుతోందని ఎవరు వచ్చినా, పార్టులు మార్చమనే ముందు ముందు చక్రాలు అటుదిటు మార్చి చూడాలని మీ డీలర్లందరికీ రాతపూర్వకంగా చెప్పండి. నాకు 6 వేలు పోయాయి. ఆ పావుగంట పని చేయక ఇంకెవరికో ప్రాణం మీదికి రావచ్చు.

15 రోజుల్లో జవాబు రాకపోతే 1915 నంబరు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కి వెళ్తాను. బిల్లులు, అలైన్‌మెంట్ ప్రింటవుట్లు, చక్రాలు మార్చకముందు, మార్చాక తీసిన వీడియోలు జత చేశాను. నా ఫోన్ నంబరు బిల్లు మీద ఉంది.

టైర్ ఇప్పుడు ఎడమ వెనక ఉంది. సుద్ద చెరిగిపోతుందని "కు" మీద తెల్ల పెయింట్ పెట్టించాను. ఏ ఆదివారమైనా మీ ఇంజనీర్‌ని పంపండి. జాకీ, స్పానర్ సిద్ధంగా ఉంటాయి. ఆ టైర్‌ని ముందు వేసి, స్టీరింగ్ ఆయన చేతికే ఇస్తాను.

ఇట్లు,
మీ కస్టమర్