మానేయమనడం వచ్చు, మాన్పించడం నేర్పించండి

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. 22 ఏళ్లుగా ఛాతీ జబ్బుల వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. ఊపిరందక చేరిన ఒకాయనకు నెబులైజర్ పెడుతూ, అలవాటు కొద్దీ "ఇకనైనా సిగరెట్లు మానేయండి" అన్నాను. ఆయన మాస్కు పక్కకు లాగి, "మానాలనే ఉంది సిస్టర్, ఎలాగో చెప్పండి" అన్నారు. నాకు నోట మాట రాలేదు. మాస్కు సరిచేసి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాను.

ఆయనకు చెప్పవలసింది చాలానే ఉందని తర్వాత సొంతంగా చదువుకున్నాక తెలిసింది. మానేసిన మొదటి రెండు మూడు రోజులే అన్నిటికంటే గడ్డు రోజులు. చిరాకు, దిగులు, నిద్ర పట్టకపోవడం అప్పుడే ముదురుతాయి; సాధారణంగా నాలుగు వారాల్లో నెమ్మదిస్తాయి. ఈ సంగతి ముందే చెప్పేవారు లేక, మూడో రోజున "నావల్ల కాదు" అనుకుని మళ్లీ వెలిగించి, తమనే తిట్టుకున్నవారిని ఎందరినో చూశాను. నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటి సిగరెట్టు కాలుస్తారని అడగడం కూడా నాకు ఎవరూ నేర్పలేదు. అరగంటలోపే అంటే పొగాకులోని నికోటిన్ పట్టు గట్టిగా ఉందని, మాటసాయంతో పాటు మందు కూడా అవసరం కావచ్చని అర్థం.

ఆ మందు ఇచ్చే తీరు కూడా చెప్పాలి. ఎక్కిళ్లు వస్తున్నాయని, కడుపులో తిప్పుతోందని ఒకావిడ పొగాకు మానడానికి ఇచ్చే నికోటిన్ గమ్ పెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టేసింది. మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలిందట. దాన్ని నెమ్మదిగా నమిలి, నోరు చురుక్కుమనగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. రాసిచ్చిన వారూ చెప్పలేదు, అందించిన వారూ చెప్పలేదు. వారిని తప్పుపట్టలేను. వారికి మాత్రం ఎవరు చూపించారు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో దేశాలు కుదుర్చుకున్న పొగాకు నియంత్రణ ఒడంబడిక 2005లోనే అమల్లోకి వచ్చింది. మానాలనుకునేవారికి చికిత్స అందాలని అందులోని 14వ అధికరణం చెబుతోంది. ఆసుపత్రికి వచ్చిన ప్రతి పొగాకు వాడకందారుకూ అర నిమిషం నుంచి మూడు నిమిషాల సలహా ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో మార్గదర్శకాలిచ్చింది. మూడు నిమిషాలు మాకు దొరుకుతాయి. ఆ మూడు నిమిషాల్లో ఏం మాట్లాడాలో నేర్పించండి.

దయచేసి మమ్మల్ని హాలులో కూర్చోబెట్టి ఊపిరితిత్తుల బొమ్మలు చూపించి పంపకండి. వాటిని రోజూ చూస్తూనే ఉన్నాం. ఒకరు రోగిగా, ఒకరు నర్సుగా ఎదురెదురుగా కూర్చుని మాట్లాడే అభ్యాసం పెట్టించండి. "ఇప్పుడు కాదులెండి" అన్న మనిషిని నొప్పించకుండా మాట కొనసాగించడం అలాగే వస్తుంది. మాలో పొగతాగేవారు ఉంటే ముందు వారికే ఆ సాయం అందించండి, సిగ్గుపడవలసిన పని లేకుండా.

ఆ రోజు నన్నడిగిన ఆయన డిశ్చార్జి అయి వెళ్లిపోయారు. ఫోను నంబరు కేసు షీటులో ఉంది. మొదటి వారంలో ఆయనకు ఎవరు ఫోను చేయాలన్నది మా డ్యూటీ చార్టులో ఎక్కడా లేదు. ఆ పనిని మా డ్యూటీలో చేర్పించండి.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు