దాణా సంచి మీద ప్రోటీన్ శాతం ఒక్కటే రాస్తే సరిపోదు

సంపాదకుడు గారికి,

కోళ్ల దాణాలో కబేళా వ్యర్థాల పొడులు వాడటంపై మీ పత్రికలో వస్తున్న ఉత్తరాలు చదువుతున్నాను. చవకైన ప్రోటీన్ కదా అని కొందరు, చచ్చిన జంతువుల్ని కోళ్లకు పెడతారా అని మరికొందరు. దాణా సొంతంగా కలుపుకునే నాలాంటి వాడికి కావాల్సింది వేరు: ఆ సంచిలో ఉన్నదేమిటి?

కోడి శాకాహారి కాదు. బయట వదిలితే పురుగునూ వానపామునూ ఏరుకుని తింటుంది. పెంపకం ఖర్చులో 60 నుంచి 70 శాతం దాణాకే పోతుంది కాబట్టి, సోయా చెక్క ధర పెరిగినప్పుడల్లా మాంసం-ఎముకల పొడి మీదికి మనసు పోతుంది. పోవడంలో తప్పేం లేదు. దాదాపు 50 శాతం ప్రోటీన్‌తో పాటు కాల్షియం, భాస్వరం కూడా అందులోనే వస్తాయి.

తంటా అంతా ఆ శాతంతోనే. ల్యాబ్‌లో కొలిచేది ప్రోటీన్‌ను కాదు, అందులో ఉండే నత్రజనిని. దాన్ని 6.25తో హెచ్చవేసి ప్రోటీన్ అని రాస్తారు. ఆ లెక్కన ఈకల పొడిలో 80 శాతం పైనే తేలుతుంది. కానీ ఈకలో ఉండేది కెరటిన్ అనే గట్టి ప్రోటీన్. ఆవిరి ఒత్తిడిలో సరిగా ఉడికించకపోతే కోడికి అరగదు, రెట్టలో పోతుంది. చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపి చూడండి, ఈక పోగులు గరగరా తగిలితే అది ఉడకనట్టే. కోడికి తప్పక కావాల్సిన అమైనో ఆమ్లాల్లో (ప్రోటీన్‌లోని ముక్కల్లో) లైసిన్ రక్తపు పొడిలో దండిగా ఉంటుంది, ఐసోల్యూసిన్ బాగా తక్కువ. ఆరబెట్టేటప్పుడు మాడ్చేస్తే ఆ లైసిన్ కూడా కోడికి అందదు. సంచి మీది అంకె మాత్రం చెక్కు చెదరదు. (నత్రజని ఉన్న యూరియా కలిపినా ఆ అంకె పెరుగుతుంది, అది వేరే చెప్పాలా!)

ఇక జబ్బుల భయం. అది ఉత్తి భయం కాదు. 1986లో బ్రిటన్‌లో బయటపడిన పిచ్చి ఆవు వ్యాధి, పశువుల మాంసం-ఎముకల పొడిని మళ్లీ పశువులకే పెట్టడం వల్ల పాకింది. చేపపొడి లాంటి కొన్నిటిని మినహాయించి, ఐరోపా సమాఖ్య 2001లో తిండి కోసం పెంచే పశుపక్ష్యాదులన్నిటికీ జంతువుల నుంచి తీసిన ప్రోటీన్లు ఆపేసింది. 2021లో పందుల నుంచి తీసినది కోళ్లకు, కోళ్ల నుంచి తీసినది పందులకు పెట్టనిచ్చింది. కోళ్లది కోళ్లకే పెట్టడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఏ జంతువుదో రాయని సంచితో ఇలాంటి నియమం ఎలా నడుస్తుంది?

జబ్బు తెచ్చే సాల్మొనెల్లా బాక్టీరియా ఉడికినప్పుడు చస్తుంది గానీ, చల్లార్చే చోటా గోదాములోనూ మళ్లీ అంటుకుంటుంది.

అందుకే ఏ జంతువు, ఏ భాగం, తయారీ తేదీ, పెప్సిన్ (కడుపులో ప్రోటీన్‌ను అరిగించే రసాయనం) పరీక్షలో ఎంత శాతం అరిగింది, సాల్మొనెల్లా ఫలితం – ఇవన్నీ సంచి మీద ముద్రించడం తప్పనిసరి చేయాలి. పెద్ద దాణా మిల్లులు సొంత ల్యాబ్ పెట్టుకోగలవు. పది సంచులు కొనేవాడికి సంచి మీది రాతే దిక్కు.

ఇట్లు,
ఒక కోళ్ల రైతు