బొమ్మ కింద ధర రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

వేసవి సెలవులు వచ్చేశాయి. రాజమండ్రిలో పొద్దున్న పదింటికే రోడ్లు ఖాళీ అవుతున్నాయి. ఈ ఎండల్లో పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలో ఏ ఇంట్లోనూ తోచడం లేదు. మా పాపకు బొమ్మల పిచ్చి కాబట్టి మాకు ఆ ఇబ్బంది కొంత తక్కువ. సెలవుల్లో ఒక్కసారైనా చిత్రకారుడు దామెర్ల రామారావు గారి బొమ్మలున్న గ్యాలరీకి వెళ్తాం. 'సిద్ధార్థ రాగోదయం' ముందు, 'పుష్పాలంకరణ' ముందు అది ఎంతసేపు నిలబడితే అంతసేపు నేనూ నిలబడతాను. ఈ ఉత్తరం ఆ గ్యాలరీ గురించీ, ఇవాళ బొమ్మలు వేస్తున్న వాళ్ల గురించీ.

దామెర్ల 1897లో ఈ ఊళ్లోనే పుట్టారు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన చేతిలోని పనితనం గుర్తుపట్టి బొంబాయిలోని జె.జె. చిత్రకళా స్కూల్లో చదువుకోవడానికి పంపించారు. చదువయ్యాక ఆయన తిరిగి గోదావరి ఒడ్డుకే వచ్చి ఇక్కడే చిత్రకళాశాల పెట్టారు. 1925 ఫిబ్రవరిలో మశూచి సోకి, 28 ఏళ్లు నిండకుండానే పోయారు. ఆయన భార్య సత్యవాణి గారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారు కూడా బొమ్మలు వేసినవాళ్లే. స్నేహితుడు వరదా వెంకటరత్నం గారు ఆ బడినీ బొమ్మల్నీ కనిపెట్టుకుని ఉండబట్టే ఇవాళ మా పాపలాంటి పిల్లలు వాటి ముందు నిలబడగలుగుతున్నారు.

ఆ హాల్లోంచి బయటికి వచ్చిన ప్రతిసారీ నాకు ఒకటే అనిపిస్తుంది. ఇవాళ ఉభయ గోదావరి జిల్లాల్లో బొమ్మలు వేస్తున్న కుర్రాళ్లు, అమ్మాయిలు ఎంతమంది! ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో హైదరాబాదులోనో ఫైన్ ఆర్ట్స్ చదివి ఇంటికి వచ్చినవాళ్లు పెళ్లి మండపాలకు డెకరేషన్ చేస్తున్నారు, స్కూళ్లలో పార్ట్ టైమ్ డ్రాయింగ్ క్లాసులు చెబుతున్నారు. వాళ్ల బొమ్మలు మాలాంటి మామూలు ఇళ్లకు చేరడానికి దారి ఎక్కడుంది?

నాలుగేళ్ల కిందట ఒక పెద్ద నగరానికి పెళ్లికి వెళ్లినప్పుడు, అక్కడి ఒక ప్రైవేటు గ్యాలరీలో వేసవి ప్రదర్శన జరుగుతోందని తెలిసి మావారూ నేనూ వెళ్లాం. ఒక బొమ్మ నన్ను కదలనివ్వలేదు. అర అడుగు వెడల్పు కూడా లేని చిన్న నీటిరంగుల బొమ్మ, రేవులో కట్టేసిన రెండు పడవలు. కింద చీటీ మీద చిత్రకారుడి పేరుంది, కొలతలున్నాయి, ఏ రంగులతో వేశారో ఉంది. ధర మాత్రం లేదు. అక్కడున్న అబ్బాయిని అడిగితే "మీ నంబర్ ఇవ్వండి మేడమ్, కనుక్కుని చెప్తాం" అన్నాడు. మర్యాదగానే అన్నాడు, కానీ అనేముందు మా కాళ్ల వైపు ఒకసారి చూశాడు. ఎండలో నడిచి వచ్చామేమో, చెప్పులు దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. మావారు నంబర్ ఇచ్చారు. ఫోన్ రాలేదు. ఆ బొమ్మ మూడు వేలో, ముప్పై వేలో నాకు ఇప్పటికీ తెలియదు. మూడు వేలైతే ఆరోజే కొనుక్కునేదాన్ని.

మరుసటి ఏడాది ఇంకోచోట కాలేజీ విద్యార్థులు ప్రదర్శన పెట్టారు. చిన్న హాలు, ఫ్యాన్లు కూడా సరిగ్గా తిరగడం లేదు. కానీ ప్రతి బొమ్మ కిందా పెన్సిల్‌తో ధర రాసి ఉంది. అక్కడ ఒక లినోకట్ చూశాను. లినోలియం పలకను ఉలిలాంటి పనిముట్టుతో చెక్కి, రోలర్‌తో ఇంకు పూసి, కాగితం మీద అచ్చు వేస్తారు. తెల్లవారుజామున ఏట్లో వల విసురుతున్న మనిషి, వల గాల్లో విచ్చుకున్న ఆ ఒక్క క్షణం. దగ్గరికి వెళ్తే ఇంకు వాసన ఇంకా పోలేదు. కింద అంచులో 7/25 అని ఉంది. పాప అదేమిటని అడిగితే, వేసిన అబ్బాయే వచ్చి కింద కూర్చుని చెప్పాడు. "ఈ పలక మీద 25 అచ్చులే తీశాను. ఇది ఏడోది. ఇక తియ్యను." దాని ధర 2,500. నా దగ్గర అంత లేదంటే, వెయ్యి ఇప్పుడిచ్చి మిగతాది రెండు నెలల్లో ఇమ్మన్నాడు. ఇచ్చాను. మా ఇంట్లో, దేవుడి పటాలు కాకుండా, ఒక మనిషి తన చేత్తో చేసి సంతకం పెట్టిన మొదటి బొమ్మ అది.

దాన్ని పటం కట్టించడంలో పొరపాటు చేశాం, ఆ మాట కూడా చెప్పాలి. పటాలు కట్టే ఆయన అద్దాన్ని నేరుగా కాగితానికి ఆనించి బిగించేశాడు. వానాకాలం వచ్చేసరికి చెమ్మకు ఒక మూల అద్దానికి అతుక్కుని బూజు మొదలైంది. అది వేసిన అబ్బాయికే ఫోన్ చేస్తే, అద్దానికీ కాగితానికీ మధ్య ఖాళీ ఉండేలా చుట్టూ మౌంట్ బోర్డు, అంటే మందపాటి అట్ట, పెట్టించమన్నాడు. బొమ్మ దక్కింది గానీ మచ్చ మిగిలిపోయింది. అమ్మేటప్పుడే ఈ చిన్న జాగ్రత్త ఒక కాగితం మీద రాసి చేతికిస్తే ఎంత బాగుండేది!

మన వాళ్లు బొమ్మలు కొనరని కొందరు తేలిగ్గా అనేస్తారు. నేను ఒప్పుకోను. మా అమ్మమ్మ ఇంట్లో హాలు నిండా వడ్డాది పాపయ్య గారి బొమ్మలే. చందమామ, యువ ముఖచిత్రాలు జాగ్రత్తగా కత్తిరించి పటాలు కట్టించారు. ఆ రోజుల్లో ఎన్ని తెలుగు ఇళ్లలో ఈ పని చెయ్యలేదు? పత్రిక ధర దాని మీద అచ్చయి ఉండేది, అందుకే ఆ బొమ్మ తమదని జనానికి ధైర్యం. గ్యాలరీలో వేలాడే బొమ్మ ధర అడగాలంటేనే భయం. అడిగి, అంత పెట్టలేక తలదించుకుని రావాల్సి వస్తుందని టెన్షన్. చీటీ మీద అంకె ఉంటే ఆ భయమే ఉండదు. పక్కనే ఉన్న కడియం నర్సరీల్లో యాభై రూపాయల మొక్కా ఉంటుంది, యాభై వేల చెట్టూ ఉంటుంది. ఎవరి స్థోమతను బట్టి వాళ్లు కొనుక్కుని ఆటోలో పెట్టుకుని వస్తారు.

అందుకని నా విన్నపం ఇది. దామెర్ల గ్యాలరీ పేరు మీద ప్రతి వేసవిలో ఒక నెల రోజులు ఇప్పటి చిత్రకారుల ప్రదర్శన పెట్టాలి. గ్యాలరీలో చోటు చాలకపోతే ఊళ్లో ఏదైనా ప్రభుత్వ హాలు ఇచ్చినా సరే. ఈ ఎండలకు మధ్యాహ్నం ఎవరూ రారు కాబట్టి సాయంత్రం అయిదు నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచి ఉంచాలి. అన్నిటికన్నా ముఖ్యంగా ప్రతి బొమ్మ కిందా ధర ఉండాలి. ఒక గోడ మొత్తం అయిదు వేల లోపు బొమ్మలకే కేటాయించాలి. లినోకట్లు, ఎచింగులు (లోహపు రేకు మీద ఆసిడ్‌తో గీతలు తినిపించి తీసే అచ్చులు), పెన్సిల్ స్కెచ్‌లు, చిన్న నీటిరంగుల బొమ్మలు ఆ ధరలో ఇవ్వడానికి కుర్రాళ్లు సంతోషంగా ముందుకొస్తారు. ఇవాళ దేశమంతా పేరున్న చిత్రకారుడు లక్ష్మాగౌడ్ గారు ఎచింగుల్లో చేసిన కృషి చూసినవాళ్లెవరూ అచ్చు బొమ్మను తక్కువగా చూడరు. ఫ్రిజ్ వాయిదాల్లో కొంటున్నాం, బొమ్మ కూడా మూడు నాలుగు వాయిదాల్లో ఇచ్చే ఏర్పాటు ఉండాలి. కొన్నవాళ్లకు చిత్రకారుడి పేరు, వేసిన ఏడాది, దేంతో వేశారు, అచ్చు అయితే ఎన్నోది అన్నీ రాసిన బిల్లు ఇవ్వాలి. రేపు ఆ చిత్రకారుడు పెద్దవాడైతే ఆ బిల్లే ఆ బొమ్మ అసలుదని చెప్పే సాక్ష్యం.

ప్రైవేటు గ్యాలరీలు అమ్మకం మీద మూడో వంతు నుంచి సగం దాకా కమీషన్ తీసుకోవడం మామూలే. వాళ్లకు అద్దెలు, కరెంటు బిల్లులు ఉంటాయి, తప్పు పట్టను. ప్రభుత్వ హాల్లో అయితే పది శాతంతో సరిపెట్టవచ్చు, ఆ మాట అందరికీ కనబడేలా బోర్డు మీద రాయవచ్చు. చేత్తో వేసిన బొమ్మల మీద జీఎస్టీ కూడా 2025 సెప్టెంబరులో 12 నుంచి 5 శాతానికి తగ్గింది. మామూలు కొనుగోలుదారు కోసం ప్రదర్శన పెట్టడానికి ఇంతకన్నా మంచి సమయం ఏది?

ప్రభుత్వ గ్యాలరీ కొట్టులా మారిపోదా అని ఎవరైనా అనవచ్చు. దామెర్ల వేసిన బొమ్మలు అమ్మమని నేను అనడం లేదు, అవి మనందరివీ, అక్కడే ఉండాలి. కానీ లేపాక్షి షోరూముల్లో కొండపల్లి బొమ్మకు, కాళహస్తి కలంకారీకి ధర చీటీ ఉంటుంది. దానివల్ల ఆ కళలకు గౌరవం తగ్గలేదు, ఆ కుటుంబాలకు నాలుగు వేళ్లు నోట్లోకి వెళ్తున్నాయి. కాన్వాసు మీద వేసే అమ్మాయికి కూడా అద్దె కట్టాలి, రంగుల ట్యూబులు కొనాలి.

2027లో గోదావరి పుష్కరాలు ఉన్నాయి. ఘాట్లకు రంగులు వేస్తారు, గోడల మీద బొమ్మలు వేయిస్తారు, లక్షల మంది ఊళ్లోకి వస్తారు. ఆ పనులు స్థానిక చిత్రకారులకే ఇవ్వాలనీ, వాళ్ల పేర్లు ఆ గోడల మీద రాయాలనీ కోరుతున్నాను. వచ్చినవాళ్లు స్నానం చేసి, కోటిపల్లి బస్టాండులో కాజాల పొట్లం కొనుక్కుని వెళ్లిపోకుండా, ఈ ఊరి మనిషి వేసిన గోదావరిని కూడా చంకలో పెట్టుకుని వెళ్లాలంటే ఇప్పటినుంచే వేసవి ప్రదర్శనలు మొదలవ్వాలి. మొదటి ఏడాది పాతిక మంది చిత్రకారులు, వంద బొమ్మలు చాలు.

హాల్లో కూర్చోవడానికి, పిల్లలకు బొమ్మల గురించి చెప్పడానికి, బిల్లులు రాయడానికి మనుషులు కావాలంటే నాలాంటి టీచర్లం సెలవుల్లో ఖాళీగానే ఉంటాం. వంతులు వేసుకుని వస్తాం. గ్యాలరీ నిర్వాహకులు, నగరపాలక సంస్థ వారు మీ పత్రిక ద్వారా జవాబిస్తే చదవాలని ఎదురుచూస్తున్నాను.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు,
దానవాయిపేట, రాజమహేంద్రవరం.