'లిటరల్లీ'ని తిట్టింది చాలు

సంపాదకులకు,

ఇంగ్లిష్ రాతలో 'లిటరల్లీ' (అక్షరాలా, నిజంగానే) అన్న మాటను ఎలా పడితే అలా వాడేస్తున్నారంటూ మీ పత్రికలో వచ్చిన లేఖలు చదివాను. నవ్వలేక 'లిటరల్లీ' చచ్చిపోయామని రాసేవాళ్ల మీద వాళ్ల కోపమంతా. కానీ ఇది ఈ తరం తెచ్చిపెట్టిన తెగులు కాదు. ఈ వాడుకకు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు చూపే మొట్టమొదటి ఉదాహరణ 1769 నాటిది. అమెరికాలో మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువు 1909లోనే దీన్ని ఎక్కించింది. అయినా చచ్చిపోయినవాళ్లు మెసేజ్‌లు పెట్టరు కదా, దీనివల్ల ఎవరూ మోసపోరు.

అసలు చిక్కు పెద్దమనిషి తరహా మాటలతోనే. రుజువు చేతిలో ఉన్నవాళ్లకు 'క్లియర్లీ' (స్పష్టంగా), 'అబ్వియస్లీ' (తెలిసిందే కదా) అవసరం పడవు. అవి గుంపుగా కనిపించాయంటే అక్కడ వాదన బలహీనంగా ఉందేమోనని నాకు అనుమానం. కంపెనీల క్షమాపణలు చూడండి: 'ఎక్స్‌ట్రీమ్లీ', 'సిన్సియర్లీ', 'డీప్లీ' అన్నీ ఉంటాయి. జరిగిన తప్పేమిటో, డబ్బు ఎప్పుడు వెనక్కిస్తారో మాత్రం ఉండదు.

'క్వైట్' వ్యవహారం ఇంకా చిత్రం. అమెరికన్లు 'క్వైట్ గుడ్' అని రాస్తే చాలా బాగుందని. బ్రిటిష్ వాళ్లు రాస్తే చాలాసార్లు 'ఫర్వాలేదు' అని. వాళ్లే 'క్వైట్ బ్రిలియంట్' అన్నారంటే మాత్రం నిండు మెచ్చుకోలు! సిఫారసు ఉత్తరంలో ఈ మాట పడితే, ఉద్యోగం వస్తుందా రాదా అన్నది చదివే మనిషి ఎక్కడి ఇంగ్లిష్‌కు అలవాటుపడ్డాడన్న దాని మీద ఉంటుంది.

ఇక వెటకారం. ఎదురుగా ఉంటే గొంతు సాగదీస్తాం, కనుబొమ్మ ఎగరేస్తాం. రాతలో ఆ భారమంతా ఒక్క మాట మీదే పడుతుంది. స్నేహితుల మధ్య అది భలే పేలుతుంది. ఏ సాయమూ చేయని కస్టమర్ కేర్‌కు 'యూ హావ్ బీన్ ఎక్స్‌ట్రీమ్లీ హెల్ప్‌ఫుల్' అని మెయిల్ పెడితే మాత్రం, అవతలివాళ్లు థాంక్స్ చెప్పి ఫిర్యాదు మూసేసినా ఆశ్చర్యం లేదు. వాళ్లను అనడానికీ లేదు, ఇంగ్లిష్ వాళ్లకు మూడో భాషో నాలుగో భాషో అయ్యుండొచ్చు.

ఇంగ్లిష్ నేర్పేవాళ్లు 'వెరీ' కనబడగానే ఎర్రసిరాతో కొట్టేసే బదులు, అది ఉంచి ఒకసారి, తీసి ఒకసారి వాక్యాన్ని పిల్లల చేత చదివించాలి. మీరు కూడా 'లిటరల్లీ' మీద లేఖలకు ఇచ్చిన చోటులో సగమైనా 'క్లియర్లీ'కీ, 'క్వైట్'కీ ఇవ్వాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు