సెప్టెంబర్ నుంచి ఫీజు పెరుగుతోంది, ఎందుకో చెబుతాను

ఎడిసన్‌లో మా పశ్చిమ ఆఫ్రికా డాన్స్, డ్రమ్ క్లాసులకు వస్తున్న మన తెలుగువాళ్ళందరికీ నమస్కారం. విషయం ముందే చెప్పేస్తాను. సెప్టెంబర్ నుంచి శనివారం డాన్స్ క్లాసు ఫీజు 18 డాలర్లు కాదు, 24. పెరిగిన ఆరు డాలర్లూ వాద్యకారులకే వెళ్తాయి. హాలు అద్దె కూడా పెరిగింది గానీ దాని తిప్పలు నేను పడతాను.

"నలుగురు డ్రమ్మర్లు దేనికి, రికార్డింగ్ పెట్టేస్తే పోలా?" అని చాలామంది అడిగారు. న్యాయమైన ప్రశ్నే. లెక్క వేసి చూస్తే రికార్డింగ్‌తో నెలనెలా నాలుగు డబ్బులు మిగులుతాయి కూడా. ఇప్పుడైతే బొటాబొటీగా నెట్టుకొస్తున్నాను. అయినా రికార్డింగ్ పెట్టను.

ఈసారి క్లాసులో అద్దం వైపు కాకుండా డ్రమ్ముల వైపు చూడండి. కెంకెని, సంగ్బాన్, దునున్‌బా అని మూడు పెద్ద డ్రమ్ములు ఉంటాయి. వాటికి ఆవు తోలు, పక్కన ఇనుప గంట. ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో గంట. పాట నడిచేదంతా వాటి మీదే. ఆ దరువు పైన చేతులతో వాయించే జెంబే డ్రమ్ము సోలో. మీరు ఒక అడుగు వేస్తూ ఉండగా సోలో ఆయన బ్రేక్ కొడతాడు, అంటే "ఇది ఆపి తర్వాతది అందుకోండి" అని. ఆ బ్రేక్ ఎప్పుడు కొట్టాలో ఆయన మీ కాళ్ళు చూసి నిర్ణయిస్తాడు. వెనక వరసకు అడుగు ఇంకా పట్టుబడకపోతే ఇంకో రెండు చుట్లు ఆగుతాడు. చివర్లో వలయం కట్టి ఒక్కొక్కరే మధ్యలోకి వస్తారు కదా, అప్పుడైతే మీరు గెంతితే దెబ్బ గెంతుతుంది, మీరు తగ్గితే దెబ్బా తగ్గుతుంది. రికార్డింగ్ మిమ్మల్ని చూడలేదు. క్లాసు అయ్యాక డ్రమ్ముల ముందు నేలను తాకి దండం పెడతాం, స్పీకర్‌కు పెట్టలేం కదా!

ఇంకో కారణం ఆ వాయించేవాళ్ళే. 1958లో పశ్చిమ ఆఫ్రికా దేశం గినీకి స్వాతంత్ర్యం వచ్చాక, ఫొదేబా కెయిటా మొదలుపెట్టిన 'లె బాలే ఆఫ్రికన్' ఆ దేశపు జాతీయ నాట్య బృందమైంది. ఊళ్ళలో వలయంగా ఆడే నాట్యాన్ని ప్రేక్షకుల వైపు తిప్పి వేదిక ఎక్కించింది ఇలాంటి బృందాలే. మనం నేర్చుకుంటున్న అడుగుల వరసల్లో చాలా భాగం అక్కడివే. గొప్ప జెంబే విద్వాంసుడు మమాది కెయిటా 1964లో చిన్న పిల్లాడిగా అక్కడి ఇంకో జాతీయ బృందం బాలే జోలిబాలో చేరాడు. 1984లో గినీ తొలి అధ్యక్షుడు సెకూ తూరే పోయాక సర్కారు పోషణ తగ్గింది. కళాకారులు యూరప్‌కు, అమెరికాకు వచ్చి క్లాసులు చెప్పుకుంటూ బతికారు. మన సోలో ఆయన కూడా గినీ రాజధాని కొనాక్రీలో ఒక బృందంలో పెరిగినవాడే. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ నుంచి జెంబే వీపున వేసుకుని రైల్లో వస్తాడు. గంటన్నర వాయించడానికి ఆయనకు సగం రోజు పోతుంది. ఆ సగం రోజుకు ఇచ్చేది గౌరవంగా ఉండాలి. అది ఇవ్వలేని రోజున క్లాసు మూసేస్తాను గానీ బేరం ఆడను.

పెళ్ళి బుకింగుల సంగతి. సంగీత్‌లకు, పెళ్ళికొడుకు ఎంట్రీకి తప్పకుండా వస్తాం. మాకు నిజంగా నాలుగు రాళ్ళు వచ్చేది అక్కడే. ఏం వాయించాలో మాత్రం మాకు వదిలేయండి. మొన్న ఒకరు సోలి అనే దరువు వీడియో పంపి పెళ్ళిలో అదే కావాలన్నారు. వినడానికి హుషారుగానే ఉంటుంది, కానీ అది మగపిల్లల సున్తీ వేడుకల్లో వాయించేది. పెళ్ళికొడుకు ఎంట్రీకి వద్దులెండి! కుకు అడగండి. గినీ అడవి ప్రాంతపు సంబరం అది, పిల్లల నుంచి అమ్మమ్మల దాకా అందరూ కలుస్తారు. కోతల కాలంలో పొలంలో వాయించే కస్సా కూడా బాగుంటుంది. పులి చర్మం డ్రెస్సులు, మొహానికి రంగులు మాత్రం వేసుకోం. అడిగినా వేసుకోం.

ఇప్పటికే క్లాస్ కార్డు కొన్నవాళ్ళకు డిసెంబర్ ఆఖరు దాకా పాత రేటే. వ్యాయామం కోసం మాత్రమే వస్తున్నవాళ్ళకు 24 ఎక్కువ అనిపిస్తే మొహమాటపడకండి, మిగిలిన క్లాసుల డబ్బు వెనక్కి ఇచ్చేస్తాను. ఇద్దరు పిల్లలు వస్తుంటే రెండోవాళ్ళకు సగం ఫీజు, అందులో మార్పు లేదు. బుధవారం డ్రమ్ క్లాసు ఫీజు కూడా పెంచడం లేదు, అక్కడ చెప్పేది నేను ఒక్కదాన్నే.

జెంబేలు కొనుక్కున్నవాళ్ళకు ఒక మాట. ఈ ఎండల్లో కారు డిక్కీలో వదలకండి. మేక తోలు బాగా ఎండిపోయి అంచు దగ్గర చిరుగుతుంది. కొత్త తోలు వేసి తాళ్ళు బిగించడానికి వారం పడుతుంది, ఇప్పటికే మూడు డ్రమ్ములు నా దగ్గర క్యూలో ఉన్నాయి.